ఇద్దరు చిన్నపిల్లలతో కూనూర్: ఊటీ కూడా కలపాలా, అక్కడే ఉండిపోవాలా?

నల్లకుంట అమ్మ:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. బాబుకు నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ చదువుతున్నాడు, పాపకు ఇరవై నెలలు. ఈసారి దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఏదైనా చల్లటి కొండ ఊరికి వెళ్ళి ఐదారు రోజులు ప్రశాంతంగా ఉండి రావాలని ఉంది. మాతోపాటు మా అత్తయ్యగారు కూడా వస్తారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, పది మెట్లు ఎక్కితే కాసేపు కూర్చోవాలి. అక్కడా ఇక్కడా చదివి ఊటీ దగ్గరున్న కూనూర్ అయితే బాగుంటుందని నాకు అనిపించింది. మా ఆయనేమో అంత దూరం వెళ్ళి ఊటీ చూడకుండా ఎవరైనా వస్తారా అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే మళ్ళీ ఎప్పుడు వెళ్తామో తెలీదు.

ఒక ట్రావెల్స్ వాళ్ళని అడిగితే ఆరు రోజుల ప్లాన్ పంపారు. మొదటి రోజు కోయంబత్తూరు నుంచి ఊటీ, రెండో రోజు ఊటీలో ఏడెనిమిది చోట్లు, మూడో రోజు కూనూర్ చూసి వెనక్కి, నాలుగో రోజు కొడైకెనాల్ ప్రయాణం, అయిదో రోజు కొడైలో మళ్ళీ ఏడెనిమిది చోట్లు, ఆరో రోజు మదురైలో ఫ్లైట్. రోజూ పొద్దున ఏడున్నరకే బండి గేటు దగ్గర ఉంటుందట. చదువుతుంటేనే నాకు అలసట వచ్చింది. మా పాప మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా పడుకోకపోతే సాయంత్రమంతా ఏడుస్తూనే ఉంటుంది. బాబుకేమో కారు పడదు, శ్రీశైలం వెళ్ళినప్పుడు ఘాట్‌లో వాంతులు చేసుకుని వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

ఒకే చోట గది తీసుకుని ఉంటే పిల్లలకు, పెద్దవాళ్ళకు బోర్ కొడుతుందా? టాయ్ ట్రైన్, అంటే కొండెక్కే ఆ చిన్న రైలు, కొండ కిందున్న మెట్టుపాళయం నుంచే ఎక్కాలా? దసరాకు అక్కడ వాతావరణం ఎలా ఉంటుంది? పిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి, దయచేసి.

కోవై తెలుగు:

మాది కోయంబత్తూరేనండి, తరాల నుంచి ఇక్కడే, ఇంట్లో మాత్రం తెలుగే. హైదరాబాద్, విజయవాడల నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా కొండ మీదికి తీసుకెళ్ళేది నేనే కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ప్లాన్ పక్కన పెట్టేయండి. ఊటీ, కొడైకెనాల్ మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తాయి కానీ రెండూ వేర్వేరు కొండలు. నీలగిరి పూర్తిగా దిగి, మైదానంలో ఎండలో పళని దాకా వెళ్ళి, అక్కడ మళ్ళీ ఇంకో ఘాట్ ఎక్కాలి. రెండొందల యాభై కిలోమీటర్లు, భోజనానికి, టీకి ఆగుతూ వెళ్తే రోజంతా బండిలోనే. కారు పడని పిల్లాడితో రెండు ఘాట్లు ఒకే రోజు పెట్టుకోవడం ఏ విధంగానూ మంచిది కాదు. ఆ ప్లాన్ వేసినవాళ్ళు కిలోమీటర్లు లెక్కేశారు, మీ పాప నిద్ర లెక్కేయలేదు.

మీకు అనిపించిందే కరెక్ట్. కూనూర్‌లోనే గది తీసుకోండి, వచ్చిన రోజు నుంచి తిరిగి వెళ్ళే రోజు దాకా అదే గది. చిన్నపిల్లలకు కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పట్టదు, రెండో రాత్రికి ఆ గది వాళ్ళ ఇల్లయిపోతుంది. రెండు రోజులకోసారి గది మారిస్తే ప్రతిసారీ ఆ మొదటి రాత్రే. పైగా ఇరవై నెలల పాప సామాను, అంటే పాలసీసాలు, డైపర్లు, దుప్పట్లు, తడిబట్టలు అన్నీ సర్ది మళ్ళీ విప్పడంలోనే తల్లికి సగం సెలవు అయిపోతుంది. నన్నడిగితే సెలవంటే మీక్కూడా సెలవు ఉండాలి.

కూనూర్ సుమారు 1,850 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ 2,240 మీటర్లు. మధ్య దూరం పంతొమ్మిది కిలోమీటర్లే కానీ ఆ నాలుగొందల మీటర్ల తేడా రాత్రిపూట బాగా తెలుస్తుంది. డిసెంబరు, జనవరిలో ఊటీలో గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. కూనూర్‌లో రాత్రి పది డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది, స్వెటరు, దుప్పటితో సరిపోతుంది. ఊటీ ఇప్పుడు పెద్ద టౌను, జనం, హారన్లు, పార్కింగ్ గొడవ అన్నీ ఉన్నాయి. కూనూర్‌లోనూ కింద బస్టాండు, రైల్వే స్టేషను, మార్కెట్టు ఉన్నచోట సందడే. గది మాత్రం పైన సిమ్స్ పార్క్, బెడ్‌ఫోర్డ్ వైపు చూసుకోండి, అక్కడ సాయంత్రం ఆరు దాటితే పక్షుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

గది బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: కారు ఆగిన చోటు నుంచి మా మంచం దాకా ఎన్ని మెట్లు? అక్కడ ఇళ్ళన్నీ ఏటవాలు మీద కట్టినవే. ఫోటోలో లోయ అద్భుతంగా కనిపించే గది చాలాసార్లు రోడ్డుకి ముప్పై నలభై మెట్ల కింద ఉంటుంది, అది అత్తయ్యగారికి శిక్ష. బాల్కనీ రెయిలింగ్ కమ్మీల మధ్య సందు ఎంతుందో ఫోటో పంపమనండి, పాప తల పట్టేంత సందుంటే ఆ గది వద్దు. వేడినీళ్ళు రోజంతా వస్తాయా, పొద్దున రెండు గంటలేనా అన్నది కూడా.

ఇక రోజుకు ఒక్కటే, అదీ పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర లోపు. కొండ మీద ఉదయం తేటగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక చాలా రోజులు మేఘం దిగి వ్యూ పాయింట్‌లో తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి మీ పాప నిద్ర టైముకి మీరు గదికొచ్చేసినా కోల్పోయేది ఏమీ ఉండదు. ఒక రోజు సిమ్స్ పార్క్. 1874లో మొదలైన తోట, గేటు పైన ఉంటుంది, అక్కడి నుంచి లోపలికి ఏటవాలుగా దిగుతూ పోతే అడుగున చిన్న చెరువు, పడవలు. దిగడం హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడే అసలు సంగతి. స్ట్రోలర్ వద్దు, పాపని ఎత్తుకునే బెల్టు ఉంటే తెచ్చుకోండి. అత్తయ్యగారిని పైభాగంలో బెంచీ మీద కూర్చోబెట్టి మీరు దిగి రండి, తోటలో రుద్రాక్ష చెట్టు కూడా ఉంది, ఆవిడకు చూపించండి, చాలా సంతోషిస్తారు. రోడ్డుకు ఇవతల పాత ఎర్ర భవనం పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్, 1907 నుంచి ఉంది. కుక్కకాటు టీకా, పిల్లలకు వేసే డీపీటీ టీకా తయారుచేసిన చోటు అది. లోపలికి వెళ్ళక్కర్లేదు, మన పిల్లల టీకా కార్డులో ఉన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో బయట నుంచి చూస్తేనే నాకు బాగుంటుంది.

ఇంకో రోజు డాల్ఫిన్స్ నోస్ అనే వ్యూ పాయింట్, దార్లోనే లాంబ్స్ రాక్ అని ఇంకోటి. రెండూ వద్దు, ఏదో ఒకటి. డాల్ఫిన్స్ నోస్ అయితే నడక తక్కువ, ఎదురుగా క్యాథరిన్ జలపాతం సన్నటి దారంలా కనిపిస్తుంది. తొమ్మిదికల్లా చేరుకోండి, పదిన్నర తర్వాత ఆ సన్నటి రోడ్డులో బండ్లు ఎదురెదురుగా ఇరుక్కుంటాయి. కోతులు ఉంటాయి, పిల్లల చేతిలో బిస్కెట్టు ప్యాకెట్టు కనపడనివ్వకండి. ఇంకో రోజు ఏదైనా టీ ఫ్యాక్టరీ, అరగంట చాలు, ఆకు వాడబెట్టే వాసనకే పెద్దవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. మిగతా రోజులు గది చుట్టుపక్కలే నడవండి.

నడిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. టీ తోటల్లో, ఒక్కోసారి ఇళ్ళ మధ్య రోడ్ల మీద కూడా అడవిదున్నలు తిరుగుతుంటాయి. దూరం నుంచి నల్లగా, కదలకుండా, ఎవరి పశువో మేస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికొస్తే భుజం మనిషి తల ఎత్తు, మోకాళ్ళ కింద నాలుగు కాళ్ళూ తెల్లగా. వాటి మానాన అవి పోతాయి, మనం ఫోటో కోసం దగ్గరికి వెళ్ళకూడదు, అంతే. చీకటి పడ్డాక పిల్లలతో తోటల్లో నడవద్దు, ఎలుగుబంట్లు కూడా ఉన్న కొండలవి.

దసరా గురించి. ఇది చాలామంది అడగరు, మీరు అడిగారు, మంచి పని చేశారు. నీలగిరిలో ఊటీకి పడమర వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎక్కువ. కూనూర్ తూర్పు వాలు మీద ఉంది, దాని అసలు వానాకాలం ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా. కొండచరియలు విరిగి రోడ్డు మీద, పట్టాల మీద పడేదీ, టాయ్ ట్రైన్ రద్దయ్యేదీ ఎక్కువగా అప్పుడే. 2009 నవంబరులో నీలగిరిలో కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. దసరా సెప్టెంబరు చివర్లో పడితే జల్లులతో సరిపోవచ్చు, అక్టోబరు మూడో వారం దాటితే మాత్రం నేనైతే చిన్నపిల్లల్ని తీసుకురాను. సంక్రాంతికి ఇక్కడ పొంగల్ సెలవులు, జనం విరగబడతారు. ఏప్రిల్, మే సీజను, కూనూర్ నుంచి ఊటీకి వెళ్ళడానికే రెండు గంటలు పట్టే రోజులుంటాయి. మీ బాబు ఎల్‌కేజీ కదా, వారం స్కూలు మానేసినా కొంపలేం మునగవు. రిపబ్లిక్ డే వెళ్ళాక జనవరి చివర, ఫిబ్రవరి అంతా బంగారంలా ఉంటుంది. ఆదివారం గానీ సోమవారం గానీ ఎక్కి శుక్రవారం దిగిపోతే ఇంకా మంచిది.

తెనాలి నాన్న:

పైన అన్నగారు చెప్పినదానికి పూర్తిగా ఓటు నాది. రైలు సంగతి ఒక్కటి నేను చెప్తాను, మావాడికి మూడేళ్ళప్పుడు వెళ్ళాం.

మెట్టుపాళయంలో పొద్దున 7:10కి బయల్దేరుతుంది, రోజుకు ఒక్కటే. అది ఎక్కాలంటే ముందు రాత్రి కిందే పడుకోవాలి, లేదా కోయంబత్తూరు నుంచి నాలుగున్నరకు లేపి తీసుకురావాలి. కూనూర్‌కి మూడు గంటల పైన, ఊటీ దాకా సుమారు అయిదు గంటలు. ఎదురెదురు బల్లలు, మోకాళ్ళు తగిలేంత ఇరుకు, పెట్టెలో బాత్‌రూమ్ ఉండదు, దారిలో ఇంజనుకు నీళ్ళు పట్టడానికి ఆగినప్పుడు దిగి చూసుకోవాల్సిందే. అయిదేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు, సీటూ లేదు, అంటే మీ ఇద్దరు పిల్లలూ ఒళ్ళోనే. అత్తయ్యగారి మోకాళ్ళకు అయిదు గంటలు అలా ముడుచుకుని కూర్చోవడం చాలా కష్టం.

దాని బదులు కూనూర్ నుంచి ఊటీకి ఎక్కండి. గంటా పదిహేను నిమిషాలు అటూఇటూగా, రోజుకు కొన్ని బండ్లు ఉంటాయి. వెల్లింగ్టన్, అరువంకాడు, కేత్తి, లవ్‌డేల్ స్టేషన్లు వస్తాయి. కేత్తి దగ్గర లోయ తెరుచుకున్నప్పుడు కిటికీ పక్కన ఉండాలి. టికెట్లు మాత్రం రిజర్వేషన్ తెరిచిన రోజే చేసేయండి, వారం ముందు చూస్తే దొరకవు.

ఒక్కటే లోటు, పళ్ళ పట్టా (రంపంలా పళ్ళున్న పట్టా, ఇంజను చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది) ఉన్నది, ఆవిరి ఇంజను నడిచేది కల్లార్, కూనూర్ మధ్యనే. కూనూర్ నుంచి పైకి డీజిల్. మీ బాబుకి రైళ్ళ పిచ్చి ఉంటే దానికీ దారి ఉంది. పొద్దున పదింపావుకల్లా వాణ్ణి తీసుకుని కూనూర్ స్టేషన్‌లో నిలబడండి. కింద నుంచి వచ్చే బండి పదిన్నర ప్రాంతంలో వస్తుంది. ఇంజను ముందు కాకుండా వెనక ఉండి నెడుతూ వస్తుంది, పన్నెండడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు కదా, పెట్టెలు వెనక్కి జారకుండా అలా పెట్టారు. ఒక్కో పెట్టె ముందు బ్రేక్ వేసే ఉద్యోగి నిలబడి, ఒకరి తర్వాత ఒకరు జెండా ఊపుతూ వెనకున్న డ్రైవరు దాకా సంకేతం అందిస్తారు. తర్వాత ఇంజను విడగొట్టుకుని పక్కన షెడ్డు వైపు వెళ్తుంది, ఆవిరి బుస్సుమని వదులుతుంది. మావాడు ఆ చప్పుడికి మొదట నా కాళ్ళు వాటేసుకున్నాడు, ఆ తర్వాత అక్కడి నుంచి కదల్లేదు. టికెట్టు అక్కర్లేని వినోదం అంటే అదే, ప్లాట్‌ఫారం టికెట్టు తప్ప. 1899లో కూనూర్ దాకా, 1908లో ఊటీ దాకా వేసిన లైను అది, 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అదంతా పెద్దవాళ్ళకి. పిల్లాడికి మాత్రం ఆ ఆవిరి చాలు.

పిల్లల డాక్టర్, కర్నూలు:

నల్లకుంట అమ్మగారూ, వాంతుల గురించి. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ ప్రయాణపు వాంతులు తక్కువ, రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్యే ఎక్కువ. కాబట్టి పాప గురించి టెన్షన్ వద్దు, బాబు గురించే చూసుకోవాలి. ఖాళీ కడుపుతో తీసుకెళ్తే రాదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. గంటా గంటన్నర ముందు ఇడ్లీ లాంటిది తేలిగ్గా పెట్టండి. పాలు, నూనె వస్తువులు, చాక్లెట్ మాత్రం ఘాట్ దిగేదాకా, ఎక్కేదాకా వద్దు. ఫోన్ చేతికి ఇవ్వకండి, కళ్ళు దగ్గర్లో ఉన్న తెరను చూస్తూ ఒళ్ళు మాత్రం ఊగుతుంటేనే ఈ తిప్పు వస్తుంది. ముందు అద్దంలోంచి దూరంగా కొండను చూసేలా వెనక సీటు మధ్యలో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. ముందు సీట్లో ఒళ్ళో మాత్రం వద్దు. కిటికీ కాస్త దించండి, ఏసీ, కార్ పెర్‌ఫ్యూమ్ రెండూ ఆపేయమనండి, డ్రైవరుకు నెమ్మదిగా నడపమని మొదట్లోనే చెప్పండి. మందు కావాలంటే మీ పిల్లల డాక్టరుని అడిగి బరువును బట్టి రాయించుకుని, ప్రయాణానికి ముందే ఇవ్వాలి. షాపులో అడిగి కొనొద్దు. ప్రోమెథజైన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, పొరపాటున అన్నయ్య మందు పాపకి పట్టకండి.

కూనూర్, ఊటీ ఎత్తుకు ఊపిరి సమస్యలేమీ రావు, ఆ భయం మామూలుగా రెండున్నర వేల మీటర్లు దాటాకే. చెవులు మాత్రం దిబ్బడ వేస్తాయి. ఘాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాపకి పాలో నీళ్ళో కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి, మింగుతుంటే చెవి తెరుచుకుంటుంది. జలుబు, చెవి నొప్పి ఉంటే బయల్దేరే ముందు చూపించండి.

చలిగా ఉందని ఎండను తేలిగ్గా తీసుకోకండి, ఎత్తులో ఎండ చర్మాన్ని త్వరగా మాడుస్తుంది, టోపీ పెట్టండి. ఒక్క లావు స్వెటరు కన్నా రెండు మూడు పల్చటి పొరలు మేలు. అన్నిటికన్నా ముఖ్యం, చలికి బొగ్గుల కుంపటి గదిలో పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తలుపులేసిన గదిలో బొగ్గు పొగ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. కరెంటు హీటరు అడగండి, అది లేకపోతే ఇంకో దుప్పటి అడగండి.

విశాఖ సముద్రం:

అందరూ నీలగిరే అంటున్నారు, మన అరకు గురించి ఒక్కరూ అనలేదు, అందుకే రాస్తున్నాను. సెలవులు దసరాకే కుదురుతాయంటే అరకు చూడండి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే పిల్లలు నిద్రలో ఉండగానే తెల్లారేసరికి విశాఖ. ఆ రోజు విశాఖలోనే బీచ్ దగ్గర ఉండి మర్నాడు కొండెక్కండి, నూట పదిహేను కిలోమీటర్లు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు పొద్దునే ఉంటుంది, యాభైకి పైగా సొరంగాలు, ప్రతి సొరంగంలో పెట్టె నిండా పిల్లల అరుపులు. చుట్టూ పెద్ద అద్దాలున్న పెట్టె (విస్టాడోమ్) 2017 నుంచి ఉంది. ఇడ్లీ, పెరుగన్నం, భాష ఏదీ ఇబ్బంది కాదు, అత్తయ్యగారికి అదే సగం బలం. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం పిల్లలకు బాగుంటాయి. అక్టోబరు తర్వాత వలిసె పూలు పూస్తే లోయంతా పసుపు.

రెండు విషయాలు దాచను. అరకు ఎత్తు కూనూర్‌లో సగమే, పగలు ఎండ ఎండలానే ఉంటుంది. బొర్రా గుహల్లో మెట్లు చాలా, అత్తయ్యగారు పైనే ఉండాలి, పాపని ఎత్తుకుని తడి మెట్ల మీద దిగడం కూడా ఆలోచించుకోవాలి. అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండాలు వస్తుంటాయి కాబట్టి వాతావరణ సూచన చూసుకుని బయల్దేరండి.

నల్లకుంట అమ్మ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం. ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. కొడైకెనాల్ వద్దని ఆయనే అన్నారు. దసరాకు అత్తయ్యగారితో విశాఖ, అరకు మూడు రోజులు వెళ్దామని, కూనూర్ జనవరి ఆఖరి వారంలో రిపబ్లిక్ డే అయ్యాక పెట్టుకుందామని అనుకున్నాం. మెట్ల ప్రశ్న అడగడానికి నిన్న మూడు నాలుగు చోట్ల ఫోన్ చేస్తే ఒక చోట వాళ్ళు "కొంచెమేనండి" అన్నారు. గట్టిగా అడిగితే నలభై రెండు అని తేలింది.

ఇంకా కొన్ని సందేహాలు. వంటగది ఉన్న కాటేజీ దొరికింది, తీసుకోవచ్చా? పాపకు నేను వండినదే అలవాటు. ఏదో ఈ-పాస్ కావాలంటున్నారు, అదేంటి? ఊటీ ఒక్క రోజన్నా అని మా ఆయన ఇంకా అంటున్నారు, పాప నిద్ర చెడకుండా అది ఎలా కుదురుతుంది?

కోవై తెలుగు:

వంటగది ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండమ్మా. బియ్యం, కూరగాయలు, పాలు, పెరుగు కూనూర్ మార్కెట్లో అన్నీ దొరుకుతాయి, క్యారెట్, బీన్స్ అయితే ఆ కొండవే. మన కందిపప్పు, మీ ఇంటి కారం, పాపకు అలవాటైన ఉగ్గు మాత్రం వెంట తెచ్చుకోండి. ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. కుక్కరు ఉందో లేదో అడగండి, లేకపోతే చిన్నది పట్టుకురండి, ఒకట్రెండు విజిల్స్ ఎక్కువ పెట్టండి. సాయంత్రం బేకరీలో వర్కీ కొనండి, పొరలు పొరలుగా కరకరలాడుతుంది, టీలో ముంచుకుని తింటారు, బాబుకి పాలలో ముంచి ఇస్తే ఇష్టంగా తింటాడు.

ఈ-పాస్ అంటే భయపడక్కర్లేదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికి, కొడైకెనాల్‌కి వెళ్ళే బయటి బండ్లకు పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ సైట్‌లో ఉచితం, బండి నంబరు, తేదీలు, ఎక్కడ ఉంటారో రాస్తే చాలు. ట్యాక్సీ అయితే డ్రైవరే తీసుకుంటాడు, తీసుకున్నాడో లేదో ముందు రోజు అడగండి. ప్రభుత్వ బస్సులో, రైల్లో వచ్చేవాళ్ళకు అక్కర్లేదు. సీజన్‌లో రోజుకి ఇన్ని బండ్లని హద్దు కూడా పెడుతున్నారు, జనవరిలో మీకు ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా బయల్దేరే వారం ఒకసారి చూసుకోండి. జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, చెక్‌పోస్టులో దించేస్తారు, జరిమానా కూడా వేస్తారు. స్టీలు సీసాలు తెచ్చుకోండి. వాడిన డైపర్లు వ్యూ పాయింట్ల దగ్గర వదిలేయకుండా ఒక సంచిలో గదికి తెచ్చి పారేయండి, అవి కోతులు లాగి లోయంతా చేస్తాయి.

ఊటీకి అందరూ కలిసే వెళ్ళాలని ఏముంది? మీవారు, బాబు ఇద్దరే కూనూర్‌లో పొద్దున బండి ఎక్కి వెళ్ళనివ్వండి. తండ్రీకొడుకులు రైల్లో వెళ్ళి, 1848 నాటి బొటానికల్ గార్డెన్ చూసి, అక్కడే ఏదైనా తిని, తిరుగు రైలు దొరికితే అందులో, లేకపోతే ట్యాక్సీలో మూడింటికల్లా వచ్చేస్తారు. రోడ్డు మీద వచ్చినా కూనూర్ దాకా ఘాట్ మలుపులు పెద్దగా ఉండవు. పాప తన టైముకి పడుకుంటుంది, అత్తయ్యగారు వరండాలో ఎండలో కూర్చుంటారు, మీకు ఆ రెండున్నర గంటలు ఎవరూ పిలవకుండా దొరుకుతాయి. ఊటీ చెరువులో పడవల కోసం క్యూలో నిలబడొద్దని మీవారికి చెప్పండి, సిమ్స్ పార్క్ చెరువే చిన్నవాడికి చాలు.

ఘాట్ గురించి ఒక్క మాట. మెట్టుపాళయం నుంచి కూనూర్ రోడ్డులో పద్నాలుగు హెయిర్‌పిన్ మలుపులు. కోయంబత్తూరు ఎయిర్‌పోర్టు నుంచి మొత్తం డెబ్బై కిలోమీటర్లు, రెండున్నర గంటలు అనుకోండి. మధ్యలో బర్లియార్ దగ్గర పళ్ళ దుకాణాలుంటాయి, అక్కడ బాబుకి ఏ ఇబ్బందీ లేకపోయినా సరే బండి ఆపించి పది నిమిషాలు దింపి నడిపించండి. వాంతి వచ్చాక ఆపడం కన్నా రాకముందు ఆపడం మేలు. తిరుగు ప్రయాణంలో కోటగిరి మీదుగా దిగండి, కాస్త చుట్టైనా ఆ రోడ్డు పిల్లలకు తేలిక అని నా అనుభవం. ఫ్లైటు పొద్దున్నే పెట్టుకోకండి, సాయంత్రం నాలుగు తర్వాత తీసుకోండి. అప్పుడు తొమ్మిదింటికి టిఫిన్ తిని పదిన్నరకు బయల్దేరితే పాప దిగువ మలుపుల్లోనే నిద్రపోతుంది, మెట్టుపాళయంలో భోజనానికి ఆగేసరికి లేస్తుంది.